నాలుగు వాక్యాల జీవితం

గత రజబ్ నెలలో ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకుని ఇంటికి చేరామో లేదో, మా ఫోను మోగింది. కొంపల్లిలో మేముండే వీధి చివరి ఇంట్లో ఒక వృద్ధురాలు ఇహలోకం వీడారు. మస్జిద్ వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టే పని మాకు అప్పగించారు. ‘ఇన్నా లిల్లాహి’తో మొదలుపెట్టి, ఫలానా సాహెబ్ గారి తల్లిగారు ఇంతెఖాల్ అయ్యారనీ, జుహ్ర్ తర్వాత జనాజా నమాజు ఉంటుందనీ రాశాము. కుమారుని పేరు రాశాము. ఇంటి గుర్తు రాశాము. ఖబరస్తాన్‌కు ఏ దారిన రావాలో కూడా రాశాము. ఆమె పేరు మాత్రం రాయలేదు. మరచిపోయి కాదు, అడగాలన్న ఆలోచనే మాకు కలుగలేదు.

జనాజాలో నూటికి పైగా జనం నిలబడ్డారు. మట్టి ఇచ్చి వచ్చాము. వారిలో ఎంతమందికి ఆమె పేరు తెలుసునో మేము చెప్పలేము. మాకు మాత్రం తెలియదు.

నాలుగు రోజుల తర్వాత ఆమె మనుమరాలు ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. “చాచా, దూరంగా ఉన్న చుట్టాలందరికీ దాదీ గురించి నాలుగు వాక్యాలు రాసి పంపుదామనుకుంటున్నాము. నాన్న రాశారు గానీ నాకు నచ్చలేదు. మీరు పత్రికలో రాస్తారు కదా, చూడండి” అన్నది. కాగితం చదివాము. మొదటి వాక్యంలో పెద్ద కుమారుని వ్యాపారం ఉన్నది. రెండవ దానిలో సౌదీలో ఉద్యోగం చేస్తున్న చిన్న కుమారుడు, మూడవ దానిలో అల్లుడు ఉన్నారు. నాలుగవ వాక్యంలో ఆమె ఎంతో మంచి మనిషి అనీ, ఆమె లేని లోటు తీరనిదనీ ఉన్నది. ఆ కాగితం మీద పేర్లు కోసి మరొక ఇంటి వృద్ధురాలి పేరు అతికిస్తే సరిగ్గా సరిపోతుంది. “ఇందులో దాదీ ఎక్కడుంది చాచా?” అని ఆ పిల్ల అడిగింది.

ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేదు. మేము పెట్టిన కబురు అప్పుడే గుర్తుకు వచ్చింది.

నాలుగు వాక్యాలలో ఒక మనిషి జీవితం పట్టదని చాలామంది అనుకుంటారు. ముస్లిముల గ్రంథాలయాలు చూసినవారు అలా అనుకోలేరు. హిజ్రీ 230లో మరణించిన ఇబ్నె సఅద్ ‘తబఖాత్’ మొదలుకొని, జీవితాలను పొట్టి పొట్టి పరిచయాలుగా కూర్చిన గ్రంథాలు మన పూర్వీకులు రాసినన్ని బహుశా మరే సమాజమూ రాయలేదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) పేరు చెప్పగానే మనకు హదీసుల సంకలనం స్ఫురిస్తుంది. ఆయనదే ‘అత్తారీఖుల్ కబీర్’ అనే మరొక గ్రంథం ఉన్నది. అందులో పన్నెండు వేలకు పైగా మనుషులున్నారు. వారిలో అత్యధికులకు దక్కినది ఒకటి రెండు పంక్తులే: పేరు, తండ్రి పేరు, ఊరు, ఎవరి నుంచి విన్నారు, వారి నుంచి ఎవరు విన్నారు. అంతే. వీరిలో రాజులు కొద్దిమందే. బట్టల వర్తకులు, నూనె అమ్మేవారు, విముక్తి పొందిన బానిసలు, ఎక్కడో ఒక గ్రామంలో ఒకే ఒక్క హదీసు విని, దానిని ఒకే ఒక్కరికి చేరవేసి వెళ్లిపోయినవారు ఇలాంటి గ్రంథాల నిండా కనిపిస్తారు. పెద్ద జీవితచరిత్రకు వీరిలో ఎవరూ నోచుకునేవారు కారు. ఒక్క పంక్తి చాలుననుకున్నారు కనుకనే అన్ని వేల మందికి చోటు దొరికింది.

ఇటువంటి చిన్న పరిచయాన్ని అరబ్బీలో ‘తర్జమా’ అంటారు. ఒక భాషలోని మాటను మరొక భాషలోకి తేవడాన్ని మనం తెలుగులో తర్జుమా అంటున్నామే, ఆ పదమే ఇది. మనిషి బ్రతికిన బ్రతుకును మాటలలోకి తర్జుమా చేయడమన్నమాట. ఏ తర్జుమాలోనైనా కొంత జారిపోతుంది. ఏది జారిపోనివ్వాలో, ఏది జారిపోకూడదో తేల్చుకోవడమే రాసేవాని పని.

ఈ మహాగ్రంథాలకూ మన హైదరాబాదుకూ ఉన్న సంబంధం మన పిల్లలకు చెబుతున్నామా అనేది మా సందేహం. కొంపల్లి నుంచి గంట ప్రయాణంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఉన్నది. 1888లో స్థాపించారు. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లా ఫారూఖీ దాని వెనుక నిలిచిన పెద్దలు. ప్రపంచంలో అక్కడక్కడా చేతిరాత ప్రతులుగా ఉండిపోయిన అరబ్బీ గ్రంథాలను సేకరించి, సరిచూసి, ఇక్కడ అచ్చువేశారు. పైన చెప్పిన బుఖారీ గ్రంథం అచ్చయినది ఇక్కడే. ఇబ్నె అబీ హాతిమ్ గ్రంథం, జహబీ ‘తజ్కిరతుల్ హుఫ్ఫాజ్’, ఇబ్నె హజర్ ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’ కూడా ఇక్కడి నుంచే వెలువడ్డాయి. ఇవన్నీ చిన్న చిన్న జీవితాల సముద్రాలే. మౌలానా అబ్దుల్ హై హసనీ భారతదేశపు ముస్లిం ప్రముఖుల గురించి రాసిన ఎనిమిది సంపుటాల ‘నుజ్‌హతుల్ ఖవాతిర్’ను కూడా ఈ సంస్థే ప్రచురించింది. కైరోలోనూ డమాస్కస్‌లోనూ పండితులు ఒక పేరు వెదకవలసి వస్తే తెరిచే పుస్తకం మీద ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉండేది.

ఇబ్నె హజర్ (రహ్మ) కథ ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ఆయన హిజ్రీ 852లో, అంటే 1449లో, కైరోలో మరణించారు. ఆయనకు ముందు మిజ్జీ అనే డమాస్కస్ పండితుడు హదీసు ఉల్లేఖకుల మీద ఒక మహాగ్రంథం రాసి ఉన్నారు. దానిని ఇబ్నె హజర్ కుదించారు. అదే హైదరాబాదులో హిజ్రీ 1325 నుంచి 1327 వరకు పన్నెండు సంపుటాలుగా అచ్చయిన ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’. అది కూడా పెద్దదే అనిపించి ఆయన దానిని మళ్లీ కుదించారు. ఈసారి ఒక్కొక్కరికి దాదాపు ఒక్క పంక్తి. పేరు, ఏ తరానికి చెందినవారు, నమ్మదగినవారా కాదా, ఎప్పుడు మరణించారు. ఆ చిన్న పుస్తకం ‘తఖ్రీబ్’ నేటికీ మదర్సా విద్యార్థుల చేతుల్లో నలుగుతున్నది. మూలమైన మిజ్జీ గ్రంథం ముప్పై అయిదు సంపుటాలుగా బేరూతులో పూర్తిగా వెలువడేసరికి ఇరవయ్యవ శతాబ్దం చివరికి వచ్చాము. కుదించినది ముందు లోకమెక్కింది, కుదించకముందుది ఎనభై ఏళ్లు ఆగవలసి వచ్చింది. మేము పెద్ద గ్రంథాన్ని తక్కువ చేయడం లేదు. ముప్పై అయిదు సంపుటాలు తెలిసినవాడు రాసిన ఒక్క పంక్తికీ, ఏమీ తెలియనివాడు రాసిన ఒక్క పంక్తికీ తేడా ఉంటుందని మాత్రం గమనించాలి.

ఆ పంక్తులలో విశేషణాలు కనిపించవు. ‘సిఖా’ అంటే నమ్మదగినవాడు. ‘సదూఖ్’ అంటే సత్యవంతుడే గానీ మొదటివాని స్థాయి కాదు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క తూకం ఉన్నది. ఆ మాట వాడడానికి ముందు వారు ఎన్ని ఊళ్లు తిరిగి, ఎంతమందిని విచారించారో చదివితే, మన సంతాప ప్రకటనలలో ధారాళంగా కురిసే ‘మహోన్నత’, ‘అజాతశత్రువు’ వంటి మాటలు చూసి సిగ్గు కలుగుతుంది. హదీసుకు రక్షణగా వారు లోపాలను కూడా రాయక తప్పలేదు. మన ఇంటి మనిషిని గురించి రాసేటప్పుడు మనకు ఆ అవసరం లేదు. చనిపోయినవారిని నిందించవద్దని, వారు ముందుగా పంపుకున్నదాని వద్దకు చేరిపోయారని దైవప్రవక్త (స) బోధించారు. అయితే నిందించకపోవడం వేరు, లేనిపోని పొగడ్త వేరు.

ఇక ఆ కాగితం మీద, మా కబురులో లేని పేరు సంగతి. స్త్రీ పేరు నలుగురిలో చెప్పకపోవడం గౌరవమని మనలో కొందరికి ఒక భావన స్థిరపడిపోయింది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఆ పాత గ్రంథాల నుంచి మాత్రం రాలేదు. ఇబ్నె సఅద్ తన గ్రంథంలో చివరి భాగమంతా స్త్రీలకే కేటాయించారు. సుమారు ఆరు వందల మంది స్త్రీలు పేరు పేరునా, తల్లి పేరుతో సహా, అందులో ఉన్నారు. ఇబ్నె హజర్ శిష్యుడైన సఖావీ తన శతాబ్దపు మనుషుల గురించి పన్నెండు సంపుటాలు రాసి, పన్నెండవది పూర్తిగా స్త్రీలకు ఇచ్చారు. అందులో 1,075 మంది ఉన్నారు. హదీసు బోధించినవారితో పాటు పెళ్లిళ్లు చేసుకుని, పిల్లలను కని, కొందరిని పోగొట్టుకుని, ఇల్లు నడిపి వెళ్లిపోయినవారు కూడా ఉన్నారు. మీకు అందరికంటే ప్రియమైనవారెవరని ఒక సహచరుడు అడిగినప్పుడు దైవప్రవక్త (స) తడుముకోకుండా ఆయిషా (రజి) పేరు చెప్పారు. ‘నా ఇంటివారు’ అనలేదు. మనం కూతుళ్లకు ఖదీజా, ఫాతిమా, ఆయిషా అని పేర్లు పెట్టుకుంటాము. ఆ పిల్లలు పెద్దవారై మరణించే నాటికి ఆ పేర్లు మాత్రం మన వాట్సాప్ కబురులో ఉండవు.

మస్జిదె నబవీని ఊడ్చి శుభ్రపరిచే ఒక నల్లజాతి స్త్రీ ఉండేదని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. ఒకనాడు ఆమె కనిపించకపోయేసరికి దైవప్రవక్త (స) విచారించారు. చనిపోయిందని చెప్పారు. నాకెందుకు తెలియజేయలేదని ఆయన అడిగారు. సహచరులు ఆమె విషయాన్ని చిన్నదిగా భావించారట. ఆయన సమాధి ఎక్కడో చూపించమని వెళ్లి, అక్కడ ఆమె కోసం నమాజు చేశారు. ఆమె గురించి మనకు తెలిసినది ఇంతే. ఎక్కడ పుట్టింది, ఎంతమంది పిల్లలు, ఏమి తిన్నది, ఏమి కష్టపడ్డది, ఏదీ తెలియదు. ఉల్లేఖకునికి స్త్రీయా పురుషుడా అన్న విషయంలోనే కొంత సందేహం ఉన్నది. మరొక ఉల్లేఖనంలో ఆమె పేరు ఉమ్మె మిహ్‌జన్ అని వచ్చింది. ఊడ్చింది, మరణించింది, ఒకరు ఆమెను అడిగారు. ఈ మూడు ముక్కల జీవితం పద్నాలుగు వందల ఏళ్లుగా చెక్కుచెదరలేదు. మేము ఈ హదీసు ఎన్నోసార్లు విన్నాము, ఇతరులకు వినిపించాము కూడా. ‘చిన్నదిగా భావించారు’ అన్న మాట మాకు తగులుతుందని ఆ పిల్ల కాగితం తెచ్చిన రోజు వరకు అనుకోలేదు.

ఈ కాలపు పిల్లలకు చిన్న రూపాల మీద మోజు ఎక్కువని పెద్దలు విసుక్కుంటారు. ఫోనులో తమ పరిచయం ఒక్క ముక్కలో రాసుకుంటారు, స్టేటస్‌లు మార్చుకుంటారు. అమెరికాలో స్మిత్ అనే పత్రిక 2006లో ఆరు మాటలలో మీ జీవితం రాయండని పాఠకులను ఆహ్వానిస్తే కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. హెమింగ్వే ఆరు మాటలలో ఒక కథ రాశాడన్న ప్రచారం దానికి ప్రేరణ. ఆయనే రాశాడనడానికి ఆధారమేమీ లేదు, అది వేరే సంగతి. తెలుగులో ఆరు మాటల లెక్క అంత న్యాయమైనది కాదు. మన క్రియాపదం ఒక్కటే కర్తనూ కాలాన్నీ మోసుకొస్తుంది కనుక మన ఆరు ఇంగ్లీషు పన్నెండుకు సమానం. ఆ సరదాలో మాకు నచ్చనిది ఒకటున్నది. చమత్కారం కోసం జీవితాన్ని మెలితిప్పడం. చివరి మాటలో ఒక విరుపు, చదివినవాడు ఆహా అనడం. ఒక మనిషి బ్రతుకు పొడుపుకథ కాదు. అయినా ఆ పిల్లల ఆత్రుతలో నిజమైనది ఒకటి లేకపోలేదు. తాము ఉన్నామని ఎవరో ఒకరు ఒక్క పంక్తి చదవాలన్న కోరిక అది. దానికి మనం నవ్వకూడదు.

తెలుగు ముస్లింలలో ఈ పనిని శ్రద్ధగా తలకెత్తుకున్నవారు చరిత్రకారులు సయ్యద్ నశీర్ అహమ్మద్. 2010లో వినుకొండ నుంచి వెలువడిన ఆయన ‘అక్షర శిల్పులు’ మా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. తెలుగులో రాసిన మూడు వందల పైచిలుకు ముస్లిం కవులు, రచయితలకు తలా కొన్ని పంక్తులు. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చదువు, ఉద్యోగం, రచనలు. గొప్ప గొప్ప విమర్శలు లేవు. ఒక పుస్తకమైనా వేసుకోలేక పత్రికలలో నాలుగు కవితలు అచ్చయినవారు కూడా ఉన్నారు. సాహిత్య చరిత్రలు పెద్దపెద్దవి మన ఇళ్లలో ఉన్నాయి గానీ వీరిలో ఎక్కువమంది వాటిలో దొరకరు. తల్లుల పేర్లు అచ్చులో ఉన్నాయి చూడండి. అది చిన్న సంగతి కాదు.

మనుమరాలి విషయానికి వద్దాము. “దాదీ పెట్టె తెరిచారా?” అని అడిగాము. మరునాడు ఆమె ఒక పాత లెక్కల పుస్తకం తెచ్చింది. అట్ట ఊడిపోయింది. ఆ వృద్ధురాలికి ఉర్దూ చదవడం రాదు. నడివయసులో రాత్రిబడికి వెళ్లి తెలుగు అక్షరాలు నేర్చుకున్నారట. ఆ అక్షరాలతోనే, వంకర టింకరగా, ఇంట్లో జరిగినదల్లా ఒక్కొక్క పంక్తిగా రాసుకున్నారు. బడికి పోకముందు జరిగినవి కూడా గుర్తు తెచ్చుకుని మొదటి పేజీలలో చేర్చారు. ఇంట్లో ఎవరికీ ఆ పుస్తకం సంగతి తెలియదు. పాలవాని లెక్క అనుకున్నారు. పాలవాని లెక్క కూడా అందులోనే ఉన్నది.

కుటుంబం అనుమతితో కొన్ని పంక్తులు ఇక్కడ ఇస్తున్నాము. ‘పెద్ద పోరడు పుట్టిండు. ఆ దినం మస్తు వాన.’ ‘చిన్న పిల్ల పోయింది. రంజాన్ నెల. రోజా ఇడువలే.’ ‘తోటల కూలి రెండు రూపాయలు పెంచిండ్రు.’ ‘కరెంటు వచ్చింది.’ ‘తోట తీసేసిండ్రు. రేపటి సంది పనిలేదు.’

ఆ చివరి పంక్తి దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవని ఇప్పటి పిల్లలకు చెబితే వింతగా చూస్తారు. నాగపూర్ రహదారికి రెండు వైపులా ఇప్పుడు ఫంక్షన్ హాళ్లు, అపార్టుమెంట్లు, విల్లాలు. ఆమె ఆ తోటల్లో గుత్తులు కోసి బుట్టల్లో సర్దే కూలికి వెళ్లేవారని మనుమరాలికి తెలియదు. కుమారునికి తెలుసు, కానీ తన కాగితంలో రాయలేదు. ఎందుకు రాయలేదని మేము అడగలేదు. ఆయనే అన్నారు: “కూలి చేసిందని రాస్తే బాగుంటుందా భాయ్‌సాబ్, పిల్లల సంబంధాలు చూస్తున్నాము.” ఆయన బాధ మాకు అర్థమైంది. ఆయన చెడ్డ కుమారుడు కాడు. తల్లిని చివరి మూడేళ్లు చేతుల మీద మోసినవాడు. మేము ఒక్క మాట మాత్రం అన్నాము: “ఆ కూలితోనే కదా మీరు చదువుకున్నది.” ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, లోపలికి వెళ్లిపోయారు.

మనుమరాలు తిరగరాసిన నాలుగు వాక్యాలు మాకు చూపించింది. మొదటి మాట ఆమె పేరు. తరువాత ఆమె తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన ఊరు. రెండవ వాక్యంలో ద్రాక్ష తోటల పని, ఎన్నేళ్లు చేశారో ఆ సంఖ్య. మూడవది, నలభై దాటిన తర్వాత చదవడం నేర్చుకుని తన ఇంటి సంగతులు తానే రాసుకున్నారని. నాలుగవది: అయిదుగురిని కన్నారు, నలుగురిని పెంచారు. మేము ఒక్క అక్షరం మార్చలేదు. ‘ఎంతో’ అన్న మాట ఒకచోట ఉంటే ఆ పిల్లే కొట్టివేసింది.

ఆ నాలుగు వాక్యాలు, పేరుతో సహా, ఈ శీర్షికలో అచ్చువేయవచ్చునా అని అడిగాము. ముందు బంధువులకు చేరనివ్వండి, తర్వాత చూద్దామని తండ్రి అన్నారు. అది వారి హక్కు. కనుక ఈ వ్యాసం నిండా పేర్ల గురించి మాట్లాడి కూడా మేము ఆమె పేరు రాయలేకపోతున్నాము. మస్జిద్ గ్రూపులో మాత్రం, కుటుంబం ఒప్పుకున్న తర్వాత, మా పాత కబురు కిందనే ఆమె పేరు రాసి దుఆ చేయమని కోరాము. పదకొండు మంది ‘ఆమీన్’ అని పెట్టారు. ఒకరు మాత్రం విడిగా ఫోను చేసి, ఇది కొత్త ఆచారమా అని అడిగారు. పాతదేనని చెప్పాము.

ఆ రాత్రి మా తల్లిగారి గురించి నాలుగు వాక్యాలు రాద్దామని కూర్చున్నాము. ఆమె మరణించి పంతొమ్మిదేళ్లయింది. పేరు రాశాము. మా తాతగారి పేరు రాశాము. అమ్మమ్మ పేరు దగ్గర కలం ఆగింది. ‘నానీమా’ అని పిలిచేవారము, అంతే తెలుసు. సమయం పదకొండు దాటినా ఆగలేక సిద్దిపేటలో ఉన్న మా ఆపాకు ఫోను చేశాము.

“ఆపా, నానీమా పేరేమిటి?”

అవతల కాసేపు చప్పుడు లేదు. “ఇంత రాత్రి దీనికోసమా చేశావు?” అన్నారు ఆపా. ఆ తర్వాత, “ఉండు, ఖాలా బతికే ఉన్నది కదా, తెల్లారగానే అడుగుతాను. ఆమెకు తప్ప ఇక ఎవరికీ తెలియదు” అన్నారు.